గడప లోపలి పచ్చదనము

ఒంగోలునకు తూర్పున, బంగాళాఖాతపు టొడ్డున నున్న కొత్తపట్నమును వేసవి మధ్యాహ్నమున చూచినవారికి, అచ్చట వెలుతురునకు కొదవ కలదని చెప్పిన నమ్మశక్యము కాదు. ఇసుక మీదను నీటి మీదను పడి ప్రతిఫలించిన ఎండ కన్నులు తెరువనీయదు. సరుగుడు తోటల పలుచని నీడ దానికి చాలిన అడ్డు కాదు. కాని ఆ ఎండకు వెరచియే మనవారు ఇండ్లు కట్టుకొనిరి. గాలివానకు తట్టుకొనునట్లు క్రిందికి వంచిన తాటాకు చూరు, లోతైన వసారా, చిన్న కిటికీ, మందపు గోడ, ఇవన్నియు వేడిని బయట నిలుపుటకు పుట్టిన ఏర్పాట్లు. వేడితో పాటు వెలుతురును సైతము అవి బయటనే నిలుపును. రోహిణీకార్తెలో తలుపులు బిగించి, కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు వ్రేలాడగట్టి, ఇంటిల్లిపాదియు నడిమి గదిలో సేదదీరు వేళ, సంవత్సరమంతటిలో మిక్కిలి ఎండగాయు దినమే ఇంటిలోపల మిక్కిలి చీకటి దినమగుచున్నది. అట్టి గదిమూలలో కుండీలో నిలిచిన మొక్క ఏమి తిని బ్రతుకుచున్నదో విచారింపవలసి యున్నది.

మన పూర్వుల ఇండ్లలో మొక్కకు స్థానము పెరటిలోనో వాకిటనో ఉండెడిది. తులసికోట ముంగిట నిలిచెను. గన్నేరును నందివర్ధనమును దొడ్డిలో పెరిగెను. గది లోపల కుండీ పెట్టి మొక్కను పెంచవలెనన్న ఊహ వారికి కలుగలేదు, కలుగవలసిన అవసరమును లేదు. పెరడు లేని ఇండ్లును, అంతస్తు మీద అంతస్తుగా లేచిన అపార్టుమెంట్లును ఒంగోలులోను గుంటూరులోను పెరిగిన తరువాతనే పచ్చదనమునకై గడప లోపలికి చూడవలసి వచ్చినది. గోదావరి సీమలో కడియము, కడియపులంక నర్సరీల షేడ్‌నెట్ల క్రింద పెరిగిన మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, అగ్లోనీమా, జెడ్‌జెడ్ ప్లాంటు మొదలైనవి లారీల కెక్కి దూరప్రాంతములకు పోయి, నీడలో పెరుగు మొక్కలన్న పేరుతో అమ్ముడుపోవుచున్నవి. ఆ పేరు అబద్ధము కాదు. కాని ఏ నీడలో, ఎంతకాలము, ఏ వేడిమిలో అన్న ప్రశ్నలకు అందులో సమాధానము లేదు. మొక్క బ్రతుకునకు అవియే ముఖ్యమైన ప్రశ్నలు.

మొదటి చిక్కు మన కన్నులలోనే యున్నది. మనుష్యుని కంటిపాప చీకటిలో విచ్చుకొని, ఎండలో ముడుచుకొని, లోపలి పొర సైతము తన చురుకుదనమును వెలుతురునకు తగినట్లు మార్చుకొనుచుండుటచే, వేయింతల భేదమును మనము నాలుగైదింతల భేదముగా మాత్రమే గుర్తింతుము. వెలుతురును కొలుచు సాధనమునకు ఇట్టి భ్రమ లేదు. నిర్మలమైన మధ్యాహ్నమున ఆరుబయట సుమారు 1,00,000 లక్సుల కాంతి పడును. దట్టముగ మబ్బు క్రమ్మినను పదివేలకు అటునిటుగా ఉండును. ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన వేయి మొదలు కొన్నివేల వరకు దొరకును. అచ్చటినుండి గది లోపలికి రెండు మూడు బారలు జరిగినంతనే అది నూరు, రెండువందలకు దిగజారును. వార్తాపత్రికను సుఖముగ చదువుకొనుటకు మనకు చాలిన ఆ మూల, మొక్క లెక్కలో బయటి ఎండలో అయిదువందలవ వంతో, వేయవ వంతో మాత్రమే. గదిలో కుండీ పెట్టదలచినవారు తమ శిరస్సును ఆకులున్న ఎత్తునకు దించి, అచ్చటనుండి కిటికీలో ఆకాశపు ముక్క కనబడునో లేదో చూడవలెను. కనబడనిచో ఆ ఆకులకు నేరుగా చేరు వెలుతురు లేదనియు, గోడల మీద పడి చెదరి వచ్చినదే వాటికి గతియనియు తెలిసికొనవచ్చును.

1779 లో డచ్చి వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్, మొక్కల ఆకుపచ్చని భాగములు వెలుతురులో మాత్రమే గాలిని శుభ్రపరచుననియు, చీకటిలో అవియు మనవలెనే గాలిని చెరచుననియు ప్రయోగపూర్వకముగ చూపెను. ఆ రెండు వ్యాపారములును మొక్కకు రాబడియు ఖర్చును వంటివి. వెలుతురున్నంతసేపు పత్రహరితము గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటిని కలిపి చక్కెరను చేయును. రేయింబవళ్లు శ్వాసక్రియ ఆ చక్కెరను వెచ్చించుచుండును. వెలుతురును క్రమముగ తగ్గించుకొని పోయినచో ఒకానొక స్థానమున రాబడి ఖర్చునకు సరిగ్గా సమమగును. అంతకు దిగువ ఆకు ఋణగ్రస్తమగును. ఎండకు పుట్టిన మొక్కల ఆకులలో ఈ సమస్థానము సుమారు అయిదువందల మొదలు వేయి లక్సుల వరకు ఉండగా, అడవినీడకు పుట్టిన వాటిలో అది యాభై మొదలు రెండువందల యాభై వరకు దిగియుండును. ఐనను ఇది ఆకునకు మాత్రమే సంబంధించిన లెక్క. సంపాదించునది ఆకొక్కటియే, కాండము, వేళ్లు కేవలము వెచ్చించునవి. రాత్రియంతయు ఆకు సైతము వెచ్చించునదే. కావున మొక్క మొత్తముగ నిలువవలెనన్నచో, పగటివేళ ఆ సమస్థానమునకు మించిన వెలుతురు కొన్ని గంటలు దొరకి తీరవలెను.

గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతునకు వెలుతురు విలువ ఒకరు చెప్పవలసినది కాదు. నల్లరేగడి చేలలో పత్తి ఆకు ఉదయము తూర్పునకు తిరిగి, సాయంకాలమునకు పడమటికి మరలి, పగలెల్ల సూర్యుని వెంట తన ముఖమును త్రిప్పుకొనుచుండును. ముసురు వదలక కొన్నిదినములు మబ్బు పట్టినచో పత్తి మొగ్గలు రాలును, మిరప పూత రాలును. తెగుళ్లు అంటకయే, కేవలము రాబడి తగ్గి, పోషింపలేని సంతానమును మొక్కయే విడిచిపెట్టును. ఇట్టి మొక్కను తెచ్చి గదిలో పెట్టినచో అది బ్రతుకజాలదు. వంటయింటి కిటికీలో మిరపమొక్క పెట్టి కాయలకై నిరీక్షించువారి ఆశాభంగమునకు కారణమిదియే.

నీడకు పుట్టిన మొక్కల చరిత్ర వేరు. ఉష్ణమండలపు మహారణ్యములలో పైకొమ్మల మీద పడిన ఎండలో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే నేలకు దిగును. ఆ నేల మీద లక్షల సంవత్సరములు తరతరములుగ బ్రతికిన జాతులు, ఎక్కువ సంపాదించుట యెట్లో కాక, తక్కువతో గడుపుకొనుట యెట్లో నేర్చినవి. వాటి ఆకు వెడల్పుగ, పలుచగ ఉండును. ఒక పొరకు మించి కణములను పేర్చినచో క్రింది పొర చీకటిలో పడి, తినుటయే కాని తెచ్చుట లేని దగును గనుక, అట్టి పొరలను అది కట్టదు. ఉన్న పత్రహరితమును మిక్కిలి పొదుపుగ అమర్చి, ఒక్కొక్క క్రియాకేంద్రము చుట్టును వెలుతురును పట్టు అణువులను ఎక్కువగ నిలుపుకొనును. కణముల లోపలి హరితరేణువులు సైతము కదలును: వెలుతురు మందగించినప్పుడు ఆకు ముఖమునకు సమాంతరముగ పరచుకొని ఒక్క కిరణమును పోనీయక, ఎండ తీవ్రమైనప్పుడు ప్రక్కగోడలకు చేరి తమ్ము తాము కాపాడుకొనును. మలయా అడవుల చీకటిలో పెరుగు బిగోనియా పవోనినా అను మొక్క ఆకులు నెమలినీలముతో మెరయుటకు కారణమేమో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమువారు 2016 లో వివరించిరి. దాని హరితరేణువులలో పొరలు మిక్కిలి క్రమమైన దూరములతో పేర్చబడి, నీలికాంతిని వెనుకకు మరల్చుచు, అడవినేలకు దిగివచ్చు ఆకుపచ్చని, ఎర్రని కాంతులను మాత్రము మరింత బలముగ పీల్చుకొనుచున్నవట. అలంకారమని మనము భావించు మెరుపు ఆ మొక్కకు ఆహారోపాయము.

మన యిండ్లలో అందరికి పరిచితమైన మనీప్లాంటునే తీసికొందము. దాని జన్మస్థానము పసిఫిక్ మహాసముద్రమున సొసైటీ దీవులలోని మోరియా. సీసాలో నీరు పోసి బల్ల మీద పెట్టిన తీగకు అరచేతి యంత, అంతకు చిన్న ఆకులు వచ్చుట అందరును చూచినదే. ఆ తీగ ముక్కనే తెచ్చి పెరటిలోని మామిడి బోదె మొదట నాటినచో, రెండు మూడు వర్షాకాలములు గడచునప్పటికి అది చెట్టును పట్టుకొని పైకి ప్రాకి, మూరెడు, అంతకు మించిన ఆకులు తొడిగి, వాటి అంచులు చీలి, ఇది ఆ తీగయేనా అని చూచువారిని ఆశ్చర్యపరచును. తీగ మారలేదు, రాబడి మారినది. నేల మీద ప్రాకునప్పుడు చిన్న ఆకుతో, పలుచని కాండముతో, తక్కువ పెట్టుబడితో దూరదూరములు వెదకుచు పోవుట దాని బాల్యస్వభావము. ఎక్కుటకు ఆధారము, పైన వెలుతురు దొరకినప్పుడే అది యౌవనములోనికి ప్రవేశించును. మన గదిలోని మనీప్లాంటు ఏండ్లు గడచినను ఎదుగని బాలయే. ఆకుల మీది పసుపుచారలు నానాటికి సన్నగిల్లి పచ్చబడిపోవుచున్నచో, దానికి చాలిన వెలుతురు లేదని గ్రహింపవలెను. చారలున్నచోట పత్రహరితము లేదు లేక తక్కువ, కావున చీకటిలో పచ్చని భాగము హెచ్చుగ నున్న కొమ్మలే నిలదొక్కుకొనును.

దీనికి దూరపు బంధువైన మాన్‌స్టెరా జాతి తీగలలో మరియొక వింత కలదు. మధ్య అమెరికా అడవులలో వాటి నారుమొక్కలు మొలచిన వెంటనే వెలుతురు వైపునకు కాక, చీకటి వైపునకు ప్రాకునని డొనాల్డ్ స్ట్రాంగ్, థామస్ రే అను శాస్త్రజ్ఞులు 1975 లో ప్రకటించిరి. అడవిలో మిక్కిలి నల్లగ కనబడునది లావైన చెట్టు బోదె. దానిని చేరినగాని ఎక్కుటకు ఆధారము లేదు. ఎక్కినగాని వెలుతురు లేదు. వెలుతురునకై చీకటిని వెదకు ఈ ప్రవృత్తి నాకు వృక్షశాస్త్రములోని మనోహరమైన సంగతులలో ఒకటిగ తోచును.

తక్కిన మొక్కలు చేయునది దీనికి విపర్యము. పెండ్లి పాలికలలో నవధాన్యములు మొలకెత్తించినప్పుడు, వాటిని చీకటిగదిలో ఉంచినచో మొలకలు పాలిపోయి, పసుపువన్నెతో, వడివడిగ పొడుగు సాగుట మన ఆడువారెరిగినదే. గింజలో దాచుకొన్న తిండి అయిపోవులోపల వెలుతురును అందుకొనవలెనన్న ఆత్రమది. గదిలోని మొక్క కిటికీ వైపునకు ఒరగుట, కణుపునకు కణుపునకు ఎడము పెరుగుట, కొత్త ఆకులు చిన్నవగుట ఆ ఆత్రపు చిహ్నములే. చార్లెస్ డార్విను, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ గడ్డిమొలకల కొనలకు తొడుగులు పెట్టి, వెలుతురును గుర్తించునది కొన యనియు, వంగునది క్రింది భాగమనియు 1880 లో ప్రచురించిన గ్రంథమున చూపిరి. కొననుండి క్రిందికి దిగివచ్చు ఆ సందేశము ఆక్సిన్ అను రసాయనమని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఇట్లు సాగిన మొక్కను చూచి పెరుగుచున్నదని సంతోషించువారున్నారు. అది పెరుగుదల కాదు, మిగిలిన నిలువను పొడవుగ మార్చి వెలుతురును వెదకుట.

నీడకు ఓర్చుకొను మొక్కలలో ఒకటి మన తీరమునకు పరాయిది కాదు. స్నేక్ ప్లాంటు అను పేరుతో ఆఫ్రికా పశ్చిమభాగమునుండి వచ్చిన జాతిని మనము కొని తెచ్చుకొనుచున్నాము కాని, దాని సోదరియైన చాగ కోరమాండలు తీరపు పొదల నీడలలో తనంత తాను పెరుగును. సామర్లకోటలో 1781 మొదలుకొని పెక్కేండ్లు తెలుగునాటి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో పేరు మీదుగ శాస్త్రజ్ఞులు దీనికి నామకరణము చేసిరి. దీని ఆకులనుండి తీసిన నార వింటినారికి, త్రాళ్లకు ఉపయోగపడెడిది. ఈ వంశపు మొక్కలు పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి తెరచి, అప్పుడు పీల్చిన బొగ్గుపులుసు వాయువును పులుసురూపమున దాచి, పగటి వెలుతురులో వాడుకొనును. ఈ పద్ధతి నీటిని ఆదాచేయునే కాని వెలుతురును ఆదాచేయదు. ఐనను దళసరి ఆకు, నేలలోని దుంపకాండము నిలువగ ఉండుటచేతను, అన్నివిధముల వ్యయము మందముగ సాగుటచేతను, ఇవి చీకటిమూలలో నెలల తరబడి మార్పులేక నిలుచును. జెడ్‌జెడ్ ప్లాంటు సంగతియు ఇంచుమించు ఇట్టిదే. నిలుచుట వేరు, బ్రతుకుట వేరు; నిలిచిన ఆ నెలలలో అది తన దుంపను తానే తినుచుండవచ్చును.

ఇచ్చట నేను ముఖ్యమని తలచు సంగతి చెప్పవలెను. ఇంటి మొక్కలను గూర్చి మనకు వచ్చు సలహాలలో పెక్కు చలిదేశములలో పుట్టినవి. పందొమ్మిదవ శతాబ్దమున లండను ఇండ్లలో, గ్యాసు దీపముల పొగలో, మసకవెలుతురులో ఆస్పిడిస్ట్రా అను జపాను మొక్క ఏండ్ల తరబడి బ్రతికి, ఇనుపమొక్క యని పేరు పొందినది. దాని కష్టము చీకటి యొక్కటియే. చల్లదనము దానికి తోడుపడెను. శ్వాసక్రియ వేడిమితో పాటు హెచ్చును. పది డిగ్రీలు పెరిగినచో ఇంచుమించు రెట్టింపగును. కొత్తపట్నములో వేసవి రాత్రి సముద్రపుగాలి వీచినను గది లోపల ముప్పది డిగ్రీలకు తగ్గని దినములు కలవు. లండనులో పదునైదు డిగ్రీల గదిలో రెండువందల లక్సులతో గడచిన మొక్కకు, ఇచ్చట ఆ వెలుతురే సగము చాలదు. కావున నీడమొక్క యని చెప్పి తెచ్చిన కుండీని మనవారు ఆ సలహా ప్రకారము లోపలిగదిలో పెట్టినచో, అది వేసవి నడుమనే నీరసించుట ఆశ్చర్యము కాదు. మనకు వలసినది చీకటి కాదు. ఎండ తగులని వెలుతురు. ఉత్తరపు కిటికీ ప్రక్కన, లేక వసారా లోపలి అంచున, చూరు నీడలో, గాలి ఆడుచోట అది దొరకును.

శ్వాసక్రియను కేవలము దుర్వ్యయమని భావించుటయు సరి కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో వి. ఎస్. రామదాస్ వద్ద పరిశోధన నేర్చి, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులైన ఎ. ఎస్. రాఘవేంద్ర, తమ సహపరిశోధకురాలు కె. పద్మశ్రీతో కలిసి 2003 లో ప్రచురించిన సమీక్షలో, కణములోని శ్వాసాంగములు హరితరేణువుల పనికి పెక్కు విధముల తోడ్పడునని వివరించిరి. ఒకదానిని ఆపి రెండవదానిని నడుపుటకు వీలు లేదు.

రాబడి తగ్గిన మొక్కకు నీరు సైతము తక్కువ చాలును. గదిలోని మొక్కలను చీకటికన్న ఎక్కువగ చంపుచున్నది మన దయాళుత్వమే. వెలుతురు లేనిచోట ఆకు నీటిని ఆవిరిచేయదు, మట్టి ఆరదు, వేళ్లకు గాలి తగులదు, కుళ్లు పట్టును. వాడిన ఆకును చూచి మరల నీరు పోయుదురు. ఇది ముఖ్యముగ ఆశ్వయుజ, కార్తిక మాసములలో ఈశాన్యఋతుపవనము మన తీరమున ముసురు పట్టించినప్పుడు సంభవించును. అప్పుడు బయటి వెలుతురును తగ్గును, గాలిలో తేమయు హెచ్చును. వ్రేలు రెండు కణుపుల లోతు మట్టిలో గ్రుచ్చి, పొడిగ తోచిననాడే నీరు పోయవలెను. ఎరువు వేసి బలము తెప్పింపజూచుట మరింత తప్పు. సముద్రపుగాలికి ఆకుల మీద ఉప్పు, సన్నని ఇసుకధూళి పేరుకొని ఉన్న వెలుతురును సైతము అడ్డగించును. వారమున కొకసారి తడిగుడ్డతో తుడిచినచో మేలు. గదిగాలిని శుభ్రపరచునని మొక్కలను చీకటిగదులలో నింపువారికి ఒక మాట. నాసా వారు 1989 లో చేసిన ప్రయోగము మూసిన చిన్న పెట్టెలలో జరిగినది. అట్టి ప్రయోగములను మరల లెక్కించినవారు 2019 లో, మామూలు ఇంటిలో గాలి మారుటచే జరుగు మేలుకు సమముగ కావలెనన్నచో చదరపు మీటరునకు పది మొదలు వేయి మొక్కలు కావలెనని తేల్చిరి. కిటికీ తెరచుటయే గాలికిని మొక్కకును ఉపకారము.

నీడను కొలిచి పెట్టు విద్య మనవారికి కొత్తది కాదు. పొన్నూరు ప్రాంతపు తమలపాకు తోటలలో రైతు మొదట అవిసె విత్తి, అవి ఎదిగిన పిదప వాటి మొదట తమలపాకు తీగెలు నాటి ప్రాకించును. తమలపాకు అడవినీడకు పుట్టిన తీగ. ఎండలో ఆకు మాడును, చీకటిలో ఆకు పలుచబడి సత్తువ చెడును. కావున రైతు తోటలో నిలిచి తల పైకెత్తి, అవిసె కొమ్మలు ఎచ్చట దట్టమైనవో చూచి, మబ్బుకాలమున వాటిని నరికి వెలుతురును దింపును, ఎండకాలమునకు మరల చిగురింపనిచ్చును. సంవత్సరమంతయు ఒకే నీడ చాలునని అతడెన్నడును తలపడు. ఇంటిలోని కుండీకి కావలసినదియు ఈ విధమైన శ్రద్ధయే: మాఘ, ఫాల్గుణములలో వసారా అంచునకు, వైశాఖ, జ్యేష్ఠములలో ఒక బార లోపలికి, ముసురుకాలమున మరల కిటికీ వద్దకు.

ఇట్లు మార్చునప్పుడు తొందరపడరాదు. నీడలో విచ్చిన ఆకు, నిర్మాణమే పలుచనిది గనుక, హఠాత్తుగ ఎండలో పెట్టినచో ఒక్క మధ్యాహ్నమునకే తెల్లబడి మాడును. రెండు వారములపాటు దినమునకు కొంతగ అలవాటు చేయవలెను. నర్సరీనుండి వచ్చిన మొక్క మొదటి నెలలో కొన్ని ఆకులు రాల్చుటకును కారణమిదియే. అది షేడ్‌నెట్ క్రింది వెలుతురునకు కట్టుకొన్న ఆకులను మన గది వెలుతురుతో పోషింపజాలక విడిచిపెట్టుచున్నది. అప్పుడు కుండీని తరచుగ కదలింపక ఓపిక పట్టవలెను. కిటికీ లేని గదిలో పెట్టితీరవలసినవారు తొమ్మిది వాట్ల ఎల్‌ఇడి బల్బును ఆకుల పైన అడుగు ఎత్తున అమర్చి, దినమునకు పన్నెండు గంటలు వెలిగించినచో ఆకుల మీద వేయి లక్సులకు తగ్గని కాంతి పడును. మనీప్లాంటునకు, అగ్లోనీమాకు అది చాలును. చాలినదో లేదో తెలియుటకు పాత ఆకులను చూచి ప్రయోజనము లేదు, అవి తమ నిర్మాణమును మార్చుకొనజాలవు. కొత్తగ విచ్చిన ఆకు ముందుదానికన్న పెద్దదై, కణుపుల ఎడము తగ్గియున్నచో కుండీని అచ్చటనే ఉంచవచ్చును; అట్లు కానిచో దానిని మరియొక బార కిటికీ దగ్గరకు జరుపవలెను.